పెత్తనం లేని ముయ్యి

ఎవరి మీదా పెత్తనం చేయకూడదు, ఎవరి పెత్తనానికీ లొంగకూడదు అని నేను నిర్ణయించుకున్న వారానికల్లా మా అమ్మకు ఇంటి పని రెట్టింపయింది.

డిగ్రీ అయిపోయి రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. మాది ఉరవకొండ వైపు మెట్ట పల్లె. పదిహేను రోజులకొకసారి బస్సెక్కి వెళ్లి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. అక్కడ దొరకనివి ఫోన్లో దింపుకుని దుప్పటంత పేజీని వేలితో జరుపుకుంటూ చదివేదాన్ని. అరాజకవాదం గురించి అలాగే తెలిసింది. పేపర్లలో అరాజకం అంటే బస్సు అద్దాలు పగలడం, కొట్టుకోవడం. ఆ పుస్తకాల్లో వేరుగా ఉంది. ఒకరి మీద ఒకరికి అధికారం లేకుండా, ఒకరికొకరు సాయపడుతూ మనుషులు బతకగలరని, దానికోసం ప్రభుత్వాలు మారేదాకా కూర్చోనక్కర్లేదని, ఈ రోజే, మన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చని. నలుగురి ముందు నోరు తెరవలేని నాకు ఆ చివరి మాట ఎంత ఊరటో చెప్పలేను. ఉపన్యాసాలు ఇవ్వక్కర్లేదు. బతికితే చాలు.

అలా బతకడం మా నాయన అన్నం తినే తట్టతో మొదలుపెట్టాను. నాయన తిన్న తట్ట తిన్నచోటే ఉంటుంది. నేనో అమ్మో తీస్తాం. మంచినీళ్ల కుండ ఆయన చేతికి అందేంత దూరంలో ఉన్నా "పాపా, నీళ్లు" అంటాడు. ఆ రోజు అలా అన్నప్పుడు నేను కదల్లేదు. ఎందుకు కదల్లేదో చెప్పనూ లేదు. చెప్పడం చేతకాక, తల వంచుకుని డైరీలో ఏదో రాస్తున్నట్టు కూర్చున్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నీళ్లిచ్చింది.

"ఏమే, కాళ్లకు ఏమన్నా అయిందా నీకు?"

"నాయనకు చేతులున్నాయి కదమ్మా."

"ఉండాయి. నాకూ ఉండాయి. ముందు ఆ తట్ట ఎత్తు."

ఎత్తలేదు. అమ్మ ఎత్తింది. మరుసటి రోజూ అంతే, ఆ మరుసటి రోజూ అంతే. నాయనకు నా తిరుగుబాటు జరుగుతున్నట్టే తెలియదు. నా స్వేచ్ఛకు కావలసిన చాకిరీ అంతా అమ్మ చేస్తోంది. ఎనిమిదో రోజు మళ్లీ తట్టలు ఎత్తడం మొదలుపెట్టి, ఆ కోపంతో ఇంకో చోటు వెతుక్కున్నాను.

అది మా వీధి ఆడవాళ్ల ముయ్యి. ఒకరి పనికి అందరూ పోవడం, తర్వాత అందరి పనికీ వాళ్లు రావడం, కూలి అనేది లేకపోవడం, దాన్నే ముయ్యి అంటాం. మా వీధిలో అది విత్తనం కాయలు ఒలవడానికి పెట్టుకుంటారు. శనక్కాయ విత్తనాన్ని మిషన్‌లో ఆడిస్తే పలుకు మీది పొర లేచిపోయి మొలక సరిగా రాదు. అందుకని చేత్తోనే ఒలవాలి. ఒలిచిన విత్తనం ఎక్కువ రోజులు నిలవ ఉంటే పాడవుతుంది. వాన ఎప్పుడొస్తుందో తెలియదు. అంటే మరీ ముందు ఒలిచినా నష్టమే, వాన వచ్చేనాటికి ఒలవకపోయినా నష్టమే. ఎవరింట్లో ముందు, ఎవరింట్లో వెనక అన్న వంతులోనే ఆ ఏటి సేద్యం సగం ఉంటుంది.

ఆ వంతులు పెట్టేది పెద్దత్త. మాకు దూరపు చుట్టం, డెబ్బయ్యేళ్ల మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. "రేపు ఫలానా ఇంట్లో" అని వీధిలో నిలబడి ఒక్క మాట అంటే అయిపోయినట్టే. రెండేళ్ల కిందట ఒక రోజు మూలింటి అక్క పనికి ఆలస్యంగా వచ్చింది. మూలింటి అక్క భర్త బెంగళూరులో కట్టడం పనికి పోయి ఇంటి దారే మరిచాడు. మేకలు, రెండెకరాల చేను, చిన్న కూతురు, అన్నీ ఆమె ఒక్కతే. ఆమెను చూడగానే పెద్దత్త అందరి ముందూ అరిచింది:

"ఏమ్మే, పెండ్లికొచ్చినావా ఇంత తీరుబడిగా? తాంబూలం పెట్టల్లనా?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, కానీ ఆ పూటంతా తల ఎత్తలేదు. నేను ఆమె పక్కనే కూర్చుని ఒలిచాను. ఒక్క మాట అనలేకపోయాను. సాయంత్రం డైరీలో నాలుగు పేజీలు రాశాను.

అందుకే పోయిన ఏడు విత్తనాల కాలం రాగానే అనుకున్నాను: ముయ్యి అంటేనే పుస్తకాల్లో చెప్పిన పరస్పర సాయం. ప్రభుత్వం పెట్టింది కాదు, కూలికి చేసేది కాదు. అందులో చెడిపోయింది ఒక్కటే, పెద్దత్త పెత్తనం. అది తీసేస్తే చాలు.

మాట్లాడవలసినది ముందురోజు కాగితం మీద రాసుకుని, దొడ్లో బర్రెకు వినిపించి చూసుకున్నాను. మొదటి రోజు మా పంచలో అందరూ కూడినప్పుడు లేచి నిలబడ్డాను. నిలబడకుండానే మాట్లాడొచ్చని అప్పుడు తోచలేదు.

"ఈ ఏడు వంతులు అందరం కలిసి పెట్టుకుందాం. ఎవరో ఒకరు చెప్పేది వద్దు."

పెద్దత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవురో ఒగరంటే నేనే కదమ్మే? సరేలే. నాకూ మోకాళ్లు నొస్తాండాయి. మీ సావు మీరు సావండి."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నా భయం కొంచెం తగ్గింది. పుస్తకంలో చదివినట్టే, ఒక్కొక్కరినీ అడిగాను. మీ ఇంట్లో ఎప్పుడు పెట్టుకుంటే బాగుంటుంది అని.

"ఎవురింట్లో అయితేనేమి పాపా?"

"నీ ఇష్టం."

"మీరెట్లంటే అట్ల."

మూలింటి అక్క వంతు వచ్చింది. ఆమెను అడిగేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉందేమో. ఆమె చీర కొంగు సర్దుకుంటూ, "నాదేముండాదిలే పాపా, నాలుగు మూటలు. ఆఖర్న సూసుకుందాం" అంది.

అప్పుడు ట్రాక్టరింటి వదిన అందుకుంది. వాళ్లకు వీధిలో అందరికంటే ఎక్కువ భూమి. "అయితే రేపు మా ఇంట్లోనే పెట్టుకుందామప్పా. మావే ఎక్కువుండాయి. ముందు అవి అయిపోతే మీకూ నిమ్మళం" అంది. ఎవరూ కాదనలేదు. తర్వాత మిగతా వంతులు ఇళ్ల వరుసలోనే తేలిపోయాయి. మా ఇల్లు చివరి నుంచి రెండోది, మూలింటి అక్కది చివరిది. ఆ సాయంత్రం డైరీలో "అందరూ ఒప్పుకున్నారు" అని రాసి కింద గీత గీశాను.

ట్రాక్టరింట్లో మూడు రోజులు పట్టింది. రెండు రోజుల్లో కావలసిన పని. పెద్దత్త ఉన్నప్పుడు పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లు ఇప్పుడు ఎండెక్కాక వస్తున్నారు. ఒకామె వచ్చి గంట ఒలిచి, ఇంట్లో సంగటి కెలకాలి అని పోయి, మళ్లీ రాదు. వాళ్లను ఏమైనా అనాలంటే నాకు నోరు రాదు. అది సిగ్గా, సిద్ధాంతమా అని నన్ను నేను అడిగితే సిద్ధాంతమే అని చెప్పుకునేదాన్ని. రమ్మని చెప్పడం కూడా పెత్తనమే కదా. అందరికీ కబురు తెలిసేలా ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. ఆడవాళ్లలో సొంత ఫోన్లు ఇద్దరికే ఉన్నాయి. మిగతావి మొగుళ్ల జేబుల్లో ఉంటాయి. రోజూ పొద్దున ఒకాయన అందులో గులాబీ పువ్వుల బొమ్మలు పెట్టేవాడు. రానివాళ్ల వాటా కూడా నేనే ఒలిచేదాన్ని. బొటనవేలి మీద చర్మం లేచిపోయి గుడ్డపేలిక చుట్టుకున్నాను. పేలిక కింద మంట, దాని కింద నా మీద నాకే చికాకు.

పెద్దత్త రోజూ వచ్చేది. ఒక మూలన కూర్చుని ఒలిచేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆ మౌనం చూసి గెలిచాననుకున్నాను.

మా ఇంటి వంతు ఇంకా రాకముందే ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రం వాన వచ్చింది. విత్తడానికి సరిపడా నేల తడిసే మంచి పదును వాన. వీధిలో పిల్లలు తడుస్తూ గంతులేశారు. నాయన చొక్కా విప్పి భుజాన వేసుకుని నిలబడ్డాడు. మా కాయలు మేము సాయంత్రాలు ఇంట్లో కొన్ని ఒలుచుకుంటూనే ఉన్నాం కాబట్టి మాకు పెద్ద చిక్కు లేదు. మూలింటి అక్క తన గడపలో నిలబడి ఉంది. అందరూ ఆకాశాన్ని చూస్తుంటే ఆమె ఒక్కతే ఇంటి లోపలికి చూస్తోంది. లోపల నాలుగు మూటలు, కట్టిన తాడు కట్టినట్టే ఉన్నాయి. పొద్దంతా మా ఇళ్లలో ఒలిచి, మాపున మేకలు, వంట చూసుకునే మనిషికి తన మూట విప్పే తీరిక ఎక్కడిది?

మా ఎర్రనేలలో పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ నెలలో వీచే గాలి తడిని నిలవనీయదు. అక్కకు సొంత ఎద్దులు లేవు. వేరే వీధి రైతు ఒకాయన తన విత్తనం అయ్యాక, మూడో రోజు పొద్దున విత్తే గొర్రు కట్టుకుని వస్తానన్నాడు. "ఆ పొద్దు తప్పితే నాకు మళ్లీ కుదరదమ్మా, వేరే ఊరికి ఒప్పుకున్నా" అని ముందే చెప్పాడట. ఆ సంగతి వంతులు పెట్టేనాడు నాకు తెలియదు. ఎద్దుల మాట నేను అడగలేదు. నేను అడిగింది ఎప్పుడు పెట్టుకుందామనే.

మరునాడు తెల్లవారగానే నాయన, "పాపా, సద్ది కట్టుకో, చేనికి పోవల్ల" అన్నాడు.

"నేను రాను నాయనా. మూలింటి అక్కవి ఒలవాలి."

"మన చేను ఎవురెయ్యల్ల మరి?"

"మీరిద్దరూ ఉన్నారు. ఆమెకు ఎవరూ లేరు. ఆమె వెనకబడింది నావల్లే."

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ సద్ది రెండు భాగాలు చేసి ఒకటి నా చేతికిచ్చింది.

అక్కా నేనూ పొద్దుటి నుంచి ఒలిచాం. మధ్యాహ్నానికి ఒక మూట కూడా పూర్తి కాలేదు. ఆమె వేళ్లు నావాటికి రెండింతలు వేగంగా కదులుతున్నాయి. "తప్పు చేసినానక్కా" అన్నాను. వినపడనట్టు ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది. కాసేపటికి తల ఎత్తకుండానే, "పెద్దత్త దగ్గరికి పో. మనిద్దరితో అయ్యేది కాదు" అంది.

పెద్దత్త మంచం మీద మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. నేను గడప దగ్గరే నిలబడి సంగతి చెప్పాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఆ పిల్లకు ఎద్దులు మూడో పొద్దుకొస్తాయని నీకు తెలీదా?"

"తెలీదు."

"మూటలెన్ని ఉండాయో సూసినావా?"

"నాలుగని చెప్పింది. చూడలేదు."

"వంతులు ఊరికే పెడ్తాననుకున్నావా పాపా నేను? ఇంటింటికీ పోయి మూటలు తట్టి సూసేదాన్ని. ఎద్దులెవురివి, ఎప్పుడొస్తాయి, ఇంట్లో చేతులెన్ని, అన్నీ అడిగేదాన్ని. గుట్టుగా పక్కన కూసోని అడిగితే చెప్తారు. నలుగుర్లో అడిగితే ఎవురు చెప్తారమ్మే? మాకు ముందర కావల్లని ఏ ఆడది అంటాది?"

నేను వేలికి చుట్టిన పేలిక సర్దుకున్నాను.

"అరిసేదెందుకో తెల్సా? ట్రాక్టరోళ్లను పక్కన పెట్టి ఆ పిల్ల ఇంట్లో ముందర పెడితే వాళ్లకు మండదా? నేను అరిస్తే నన్ను తిట్టుకుంటారు. ఆ పిల్లను తిట్టుకోరు."

ఆ మాట నన్ను కూలదోసింది. అయినా పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. ఇంటింటికీ పోయి అడిగింది నిజమే. అక్కను అందరి ముందూ తాంబూలం పెట్టల్లనా అని ఎగతాళి చేసిందీ నిజమే. ఒకటి ఉందని రెండోది ఒప్పయిపోతుందా? అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. ఇంకో విషయం అడిగాను.

"మీరొచ్చి అందరినీ పిలుస్తారా?"

"ఒలిచేదానికి వస్తా. పిలిచేదానికి రాను. ఎవురో ఒగరు చెప్పేది వద్దంటివే? నువ్వే పిలుచుకో. నోరుండాది కదా."

గోడ పట్టుకుని లేచి, కర్ర తీసుకుని ఆమె మూలింటి వైపు కుంటుకుంటూ పోయింది. నేను ఇళ్ల వెంట పడ్డాను. సగం ఇళ్లకు తాళాలు, అందరూ చేలల్లో ఉన్నారు. ఉన్నవాళ్లు "మాది కూడా ఇంకా అయిపోలేదు పాపా" అన్నారు. అది అబద్ధం కాదు. వాళ్లు నా మీద జాలిపడి చూసిన చూపు తట్టుకోవడమే కష్టమైంది.

ట్రాక్టరింట్లో విత్తనం పొద్దునే అయిపోయింది. వదిన పంచలో కాళ్లు చాపుకుని ఉంది.

"చేతులు సూడు పాపా, పుండ్లయినాయి. రేపు సూస్తాలే."

ఇంకెప్పుడైనా అయితే సరే అని వెనక్కి వచ్చేదాన్ని. ఆ రోజు కాళ్లు కదల్లేదు.

"మీ ఇంట్లో మూడు రోజులు ఒలిచినాం వదినా. మూలింటి అక్క మూడు రోజులూ వచ్చింది. ఒక్క పూట కూడా తప్పలేదు. ఇప్పుడు రావాల."

"రావాలా?" వదిన కాళ్లు దగ్గరికి తీసుకుంది. "ఓహో, పెద్దత్తను దించి నువ్వెక్కినావా గద్దె?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. కదలకుండా అక్కడే నిలబడ్డాను. నిలబడి ఉంటే ఆమెకు ఇబ్బందిగా ఉంటుందని తెలిసే నిలబడ్డాను. చివరకు చెప్పులు వేసుకుని, నన్ను కాకుండా గాలిని తిడుతూ వచ్చింది. ఆ పూట, మరునాడు సగం రోజు ఒలిచింది. మరునాటి సాయంత్రానికి ఇంకో ఇద్దరు చేను నుంచి వచ్చి కలిశారు. అమ్మ కూడా మట్టి కాళ్లతోనే వచ్చి కూర్చుంది.

మూడో రోజు పొద్దున ఎద్దులు వచ్చేసరికి రెండు మూటలు అయిపోయి మూడోది విప్పాం. అక్క గొర్రు వెంట నడుస్తూ విత్తనం వేస్తుంటే, మేము గట్టు మీద కూర్చుని ఒలిచి ఒలిచి ఆమె ఒడిలోకి పోశాం. అది కూడా ఎంతసేపు? విత్తే చేతితో ఒలిచే చేయి ఎక్కడ పోటీ పడుతుంది? సగం చేను దాటాక ఒడి ఖాళీ అయింది. ఎద్దుల ఆయన ఎండను చూసి, కాసేపు ఆగి, ఇంకాసేపు ఆగి, గొర్రు ఎత్తుకున్నాడు. ఆయన మీద కూడా కోపం తెచ్చుకోవడానికి నాకు దారి లేదు. ముందే చెప్పాడు.

మధ్యాహ్నం గాలి లేచింది. విత్తని సగంలో మట్టి పైపైన తెల్లబడుతూ వచ్చింది. అందరూ వెళ్లిపోయాక మేమిద్దరమే గట్టు మీద ఉన్నాం.

"మొదటి రోజే చెప్పుంటే బాగుండేది కదక్కా. నేను అడిగినాను కదా" అన్నాను. అది నిష్ఠూరంగా వినపడింది. నిష్ఠూరమే.

"అడిగితివి. అందరి ముందర అడిగితివి. మొగుడు పట్టించుకోనిదానికి తొందరెక్కువ అంటారు, అది నీకు తెలీదా?"

"తెలీదు."

"పెద్దత్త మాట నాకు ఇప్పుడూ మంటే. ఆమె నోరు పడిపోవల్ల అనుకుంటా ఒగోసారి. కానీ ఆమె మా ఇంట్లోకొచ్చి కూసుంటాది. నువ్వు యానాడన్నా వచ్చినావా?"

రాలేదు. పెద్దత్త నుంచి ఆమెను విడిపించాలని ఏడాదిపాటు డైరీలో రాసుకున్నాను. ఆమె ఇంటి గడప మాత్రం దాటలేదు.

ఆ తర్వాత వాన చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి శనక్కాయకు కాలం మించిపోయింది. మిగిలిన సగంలో అక్క ఉలవలు చల్లింది. ఉలవలు మేకలకైనా పనికొస్తాయిలే అంది, నన్ను ఓదార్చడానికో, తనను తాను ఓదార్చుకోవడానికో.

ఇప్పుడు మళ్లీ కాయలు ఒలిచే రోజులు. పెద్దత్త ఈ ఏడు వంతుల మాట ఎత్తలేదు. ఎవరూ ఆమెను అడగలేదు, నన్నూ అడగలేదు. నేనే రోజుకు రెండిళ్లు తిరుగుతున్నాను. నాకు ఇది బొత్తిగా ఇష్టం లేదు. ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలియదు, ఇచ్చిన టీ చల్లారిపోతుంది. మూటలు తట్టి చూడాలంటే సిగ్గు. నిన్న మూలింటికి వెళ్లాను. అక్క బొరుగులు పెట్టి, అరగంట మేకల గురించి చెప్పి, తర్వాత ఎద్దులు ఎప్పుడొస్తాయో తనే చెప్పింది. అందరికంటే ముందు ఆమెదే కావాలి.

రేపు అందరూ కూడుతారు. పెద్దవాళ్లు చెప్పినట్టు కాకుండా, ఎవరినీ గద్దించకుండా, ఒక్కొక్కరి ఇంట్లో తెలుసుకున్నది అందరి ముందూ పెట్టి, మీరే తేల్చండి అనాలని ఉంది. కానీ అక్క సంగతి అక్క నోటితో చెప్పించకూడదు. నేను చెబితే ట్రాక్టరింటి వదినకు కోపం వస్తుంది. ఆ కోపం అక్క మీద పడకుండా నా మీద పడేటట్టు, అరవకుండా, ఎలా చెప్పాలో పొద్దుటి నుంచి రాసి కొట్టేస్తున్నాను. ఇంకా రావడం లేదు.